రోజుకు ఆరుసార్లు నోరు మూసుకోండి

కరెంటు కార్ల యజమానుల గ్రూపులో ఒక మంగళవారం పొద్దున ఒకామె రాసింది. తెలుగు బీటా వేసుకున్న దగ్గర్నుంచి తన కారు నిలబెట్టిన చోటే చార్జింగ్ తాగేస్తోందని, రోజుకు ఇరవై శాతం పోతోందని.

పావుగంటలో జవాబు వచ్చింది. "కారులో లోపం లేదు. నా కారులో అర శాతం కూడా పోవట్లేదు. నడిపేవారి కాలు బరువు కావచ్చు."

జవాబు రాసినతన్ని గ్రూపులో ఉన్న రెండువందల పన్నెండు మందీ బీటా బావ అంటారు. కంపెనీ ఏ కొత్త సాఫ్ట్‌వేర్ పంపినా అది ఇంకా పరీక్షలో ఉన్న 'బీటా'గా ఉండగానే అందరికన్నా ముందు తన కారులో వేసుకుంటాడు. రెండు వారాలు నడిపి, ఏది పనిచేస్తోందో ఏది చేయట్లేదో రాసి పెడతాడు. ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. బ్రేకు పట్టిందని తన కళ్ళతో చూస్తే గానీ సంతకం పెట్టడు. కారుతో తెలుగులో మాట్లాడే సౌకర్యం ఈ బీటాలోనే వచ్చింది. భయం లేదు, వేసుకోండి అని గ్రూపుకు భరోసా ఇచ్చింది కూడా అతనే.

ఆమె మళ్ళీ రాసింది. "నా కాలు బరువో మీ నోరు తేలికో తేలాలి. రేపు సెలవు పెట్టి నాతో రండి."

హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ గ్రూపులో దానికి బొటనవేలి బొమ్మ పెట్టింది.

అతను సెలవు పెట్టాడు.

ఆమె స్పీచ్ థెరపిస్టు. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ మాట నేర్పుతుంది. రోజుకు ఆరు ఇళ్ళు. ఆరో ఇల్లు ఊరి చివర, రిటైరైన ఒక టైలరుది. పదకొండు నెలలు నోరు విప్పని ఆయన పోయిన నెలలో రెండు మాటలు అన్నాడు. నీళ్ళు, లేదు. ఈ వారంలో రెండుసార్లు బ్యాటరీ చాలక ఆమె ఐదో ఇంటి నుంచే వెనక్కి తిరిగింది. ఇంకోసారి తిరిగితే వచ్చిన మాట కూడా వెనక్కి పోతుందని, అతను కారెక్కి బెల్టు పెట్టుకునేలోపే చెప్పేసింది.

అతను సారీ చెప్పబోయాడు. ముందు లెక్క చూడమంది.

"ఇంకోటి. మీరు నాకు బావ కారు. బీటా గారూ అంటాను," అంది.

"అందులోనూ కారు ఉందండీ," అన్నాడతను.

ఆమె నవ్వలేదు. కానీ మొదటి సిగ్నలు దగ్గర అద్దంలోకి చూసి పెదవి బిగబట్టడం అతను గమనించాడు. తనిఖీ చేసేవాడు కదా.

మొదటి ఇంటి ముందు కారు ఆపినప్పుడు తొంభై ఒకటి. ఆమె పని ముగించుకుని వచ్చేసరికి ఎనభై ఏడు. మధ్యలో కారు అంగుళం కదల్లేదు. అతను ఆమెకన్నా ముందే దిగి మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. కాలు బరువు అందామంటే కాలు కారులో లేదు. రెండో ఇంటి దగ్గరా నాలుగు శాతం పోయింది. మూడో ఇంటి దగ్గరా అంతే. అతను ప్రతిసారీ నోట్‌బుక్కులో రాసుకున్నాడు. 'కారులో లోపం లేదు' అని గ్రూపులో తను రాసిన మొదటి వాక్యం కూడా ఆ పేజీ పైనే రాసి కొట్టేశాడు. ఆమె ఓరకంట చూసింది.

నాలుగో ఇంటి దగ్గర వాన పట్టుకుంది. ఆమె గొడుగు వేసుకుని లోపలికి వెళ్ళింది. అతను కారు పక్కనే ఉన్న, మూసిన దుకాణం చూరు కింద నిలబడ్డాడు. వాన చప్పుడులో ఇంకో చప్పుడు వినిపించింది. కారు ఏసీది. ఖాళీ కారులో ఏసీ తిరుగుతోంది. దగ్గరికెళ్ళి అద్దానికి రెండు చేతులూ అడ్డం పెట్టి లోపలికి చూశాడు. స్క్రీను వెలుగుతోంది. దాని మీద ఒకే ఒక్క మాట ఉంది.

ఎదురుచూస్తున్నాను.

ఆమె రాగానే, దిగేటప్పుడు ఏమేం చేస్తారో వరుసగా అన్నీ మళ్ళీ చేయమన్నాడు. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. బెల్టు తీసింది. సంచీ భుజానికి తగిలించుకుంది. స్టీరింగును రెండుసార్లు తట్టి, "అమ్మడూ, వెళ్ళొస్తా," అంది. స్క్రీను వెలిగింది.

కారు పేరు అమ్మడని అతనికి అప్పుడే తెలిసింది. అమ్మడి తప్పు లేదని కూడా. ఈ బీటాలో ఒక సదుపాయం ఉంది. దిగేటప్పుడు 'ఇప్పుడే వస్తా' అంటే కారు నిద్రపోదు. ఏసీ వేసుకుని గంటదాకా మనకోసం చూస్తుంది. ఆమె 'వెళ్ళొస్తా' అన్నప్పుడల్లా అది 'వెళ్ళి'ని వదిలేసి 'వస్తా'ను పట్టుకుంటోంది.

ఆమె కాసేపు స్టీరింగు వైపే చూసింది. ఇన్నాళ్ళూ తను ఏ ఇంట్లో కూర్చున్నా బయట ఇది తనకోసం చూస్తోందన్నమాట. దాన్ని తిట్టుకున్నందుకు ఆమెకు నొచ్చినట్టుంది.

"మీ కారుకు ఎందుకు రాలేదు ఈ రోగం? మీరు దిగేటప్పుడు ఏమంటారు?"

"ఏమీ అనను."

"పోనీ ఇంట్లోంచి వచ్చేటప్పుడు?"

"ఒక్కడినే ఉంటానండీ. తాళం వేసుకుని వచ్చేస్తాను."

అతను రెండు వారాలు నడిపి పరీక్షించినా దొరకనిది ఎందుకు దొరకలేదో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఐదో ఇల్లు రెండు వీధుల అవతలే. అక్కడ ఆమె ఏమీ అనకుండా దిగింది. అర శాతం కూడా పోలేదు. కారులో మిగిలింది ఇరవై ఒకటి. టైలరు ఇంటికి పద్నాలుగు కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఆమె ఇంటికి తొమ్మిది. అతను నోట్‌బుక్కు తీశాడు. ఏసీ కట్టేసి, నలభై దాటకుండా వెళితే మూడు శాతంతో ఇల్లు చేరతామని తేల్చాడు. ఏసీ లేకపోతే అద్దాలకు ఆవిరి పడుతుంది కాబట్టి కిటికీలు దించారు. వాన లోపలికి కొట్టింది. అతని చొక్కా ఎడమ చెయ్యి తడిసి ముద్దయింది. ఆమె నడిపింది. ఒక్కసారీ బ్రేకు గట్టిగా తొక్కలేదు. ఆమె కాలు ఎంత తేలికో ఆ పద్నాలుగు కిలోమీటర్లూ చూశాడు.

టైలరు ఇంటి బయట అతను కారులోనే ఉన్నాడు. ఒకే మాటను ఆమె పదే పదే, ప్రతిసారీ అదే నిదానంతో చెప్పడం కిటికీలోంచి వినిపించింది. లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిదిసార్లు. ఒక్కసారీ గొంతు పెరగలేదు.

ఆమె వచ్చి కూర్చుంది. కారు తీయలేదు.

"వెళ్ళొస్తానండీ అన్నాను. ఎప్పుడూ అంటాను. ఇవాళ ఆయన, 'రా' అన్నాడు," అంది. కాస్త ఆగి, "మూడో మాట. మీరు ఇవాళ రాకపోతే ఆ మాట వినేదాన్ని కాదు. థాంక్స్ అండీ," అంది.

అతను నోట్‌బుక్కు మూశాడు.

ఇల్లు చేరేసరికి రెండు శాతం ఉంది. మూడుండాలే, ఒకటి ఎక్కడ పోయిందని అతను లెక్క తిరగేయబోయాడు. "ఆ ఒకటీ మీ బరువు," అంది ఆమె. అప్పుడు నవ్వింది.

లోపం దొరికింది కానీ అలవాటు పోదు. 'వెళ్తున్నా' అనొచ్చు కదా అని అతను సలహా ఇచ్చాడు. ఆ మాట తన నోట రాదంది. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. డ్యూటీ దిగేటప్పుడల్లా స్టీరింగు తట్టి వెళ్ళొస్తా అనేవాడు. ఏ గుమ్మం దిగినా అదే మాట. పైగా తన పనిలో, మంచం మీద ఉన్న మనిషితో వెళ్తున్నా అంటే ఇక రాదేమో అనుకుంటాడు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆమె ఏ ఇంటి ముందు ఎన్నింటికి ఆగుతుందో అతని దగ్గర ఉంది. సరిగ్గా ఆ సమయానికి ఆమె ఫోనుకు ఒక మెసేజ్ వచ్చేది. "నోరు మూసుకోండి. ఇట్లు, బీటా." ఆమె నోరు మూసుకుని దిగి, ఆరిపోయిన స్క్రీను ఫోటో పంపేది. రోజుకు ఆరుసార్లు. లిఫ్టు గుంతలో టార్చి పట్టుకుని ఉన్నా సరే, అతను టైముకు పంపేవాడు. పదో రోజుకల్లా ఫోటోతోపాటు కబుర్లు కూడా అటూ ఇటూ నడిచేవి. టైలరు 'సూది' అన్నాడని. అతను తొమ్మిదో అంతస్తులో అరగంట ఇరుక్కుని, ఆ అరగంటా లిఫ్టులో ఉన్న ముసలావిడ మనవళ్ళ కథలు విన్నాడని.

అటు కంపెనీకి అతను రిపోర్టు పంపాడు. మూడో రోజు జవాబు వచ్చింది. ఇది లోపం కాదు, మేము ఇలాగే తయారుచేశాం.

అతను ఉత్తరం రాశాడు. లిఫ్టు రిపోర్టు రాసినట్టే, పొల్లు మాట లేకుండా రాశాడు. తెలుగులో వెళ్ళే మనిషి వెళ్తున్నానని చెప్పడు. వస్తానని చెప్పి వెళ్తాడు. అది అబద్ధం కాదు, ఇప్పుడే వస్తానని కాదు. ఎప్పుడో ఒకప్పుడు తప్పక వస్తానని. మీ కారు ఒక్క మాటనే విన్నది, మనిషిని వినలేదు. ఈ సంగతి నాకూ తెలియదు. నాకు చెప్పినామె ఈ మాట రోజుకు ఆరు గుమ్మాల్లో అంటుంది. ఆమె వచ్చి తీరుతుందని ఆ ఇళ్ళలో వాళ్ళు నమ్ముతారు.

ఈసారి మనిషెవరో జవాబిచ్చారు. మీరన్నది నిజమే, అయితే కారుకు నేర్పడానికి గొంతులు కావాలి, పంపగలరా అని అడిగారు.

అతను గ్రూపులో పెట్టాడు. రెండు రోజుల్లో నలభై ఒక్క గొంతులు వచ్చాయి. ఒక పళ్ళ డాక్టరు దగ్గుతూ పంపాడు. హెడ్‌మిస్ట్రెస్ వెళ్ళొస్తానని అన్న తీరుకు కారు తనంతట తానే తాళం వేసుకునేలా ఉందని అందరూ అన్నారు. ఇంకొకాయన పంపినదాంట్లో వెనకనుంచి ఆయన భార్య గొంతు, "వెళ్ళండి, వచ్చేటప్పుడు తొందరేం లేదు," అంది. నలభై ఒక్కమందికీ థెరపిస్టు విడివిడిగా కృతజ్ఞతలు రాసింది. ఒకరికి రాసింది ఇంకొకరికి రాయలేదు.

ఇరవై మూడో రోజు పొద్దున ఆరుంబావుకు అప్‌డేట్ వచ్చింది. ఎప్పటిలాగే అతనికే ముందు. తన కారులో వేసుకుని ఎనిమిదిసార్లు వెళ్ళొస్తా అని దిగాడు. ఎనిమిదిసార్లూ కారు నిద్రపోయింది. తొమ్మిదోసారి దిగకుండా సీట్లోనే కూర్చున్నాడు. పని పూర్తయింది. ఇక ఆమెను ఎవరూ నోరు మూసుకోమనక్కర్లేదు. ఫోను చేతిలో పట్టుకుని పది నిమిషాలు అలాగే ఉన్నాడు. ఆ పది నిమిషాల్లో, ఇంకో నాలుగు రోజులు పరీక్షించాలని గ్రూపులో రాస్తే ఎవరికీ తెలియదని కూడా అనిపించింది. బ్రేకు పట్టింది కాబట్టి సంతకం పెట్టాలి. బాగైంది, వేసుకోండి అని రాశాడు.

అప్‌డేట్ వెంట వచ్చిన మార్పుల పట్టీలో పదకొండో వాక్యం ఇది: 'వెళ్ళొస్తా అంటే ఇకపై కారు నిద్రపోతుంది. తన కారుకు చెప్పి వెళ్ళే యజమానికి, ఆమె మాట విన్న పరీక్షకుడికి, నలభై ఒక్క గొంతులకు కృతజ్ఞతలు.' గ్రూపంతా పండగ చేసుకుంది.

ఆ రోజు అతను మెసేజ్ పంపలేదు. తొమ్మిదిన్నరకు ఆమె దగ్గర్నుంచే వచ్చింది. "ఇవాళ నన్నెవరూ నోరు మూసుకోమనలేదు."

"అవసరం లేదుగా," అని పంపాడు. అటునుంచి జవాబు లేదు. ఫోటో కూడా లేదు.

ఆదివారం ఆమె నాన్న ఫోన్ చేసి అతన్ని ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళేసరికి ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, తెలుగులో కారుకు అద్దాలు దించమని, ఎత్తమని చెబుతున్నాడు. ఇది తన మాట వింటున్నందుకు ఆయనకు ఆనందంగా ఉంది. అతన్ని కింది నుంచి పైకి చూశాడు.

"రోజుకు ఆరుసార్లు మా అమ్మాయిని నోరు మూసుకోమన్నది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ. అది కారు కోసం..."

"మూసుకుందా?"

"మూసుకున్నారండీ."

"ముప్పై ఏళ్ళుగా నా వల్ల కాలేదు. కూర్చో," అన్నాడాయన. కుర్చీ తనే లాగి వేశాడు.

తరవాత ఆయన టీ తెస్తానని లేచి లోపలికి వెళ్ళాడు. అరగంటైనా రాలేదు. ఆ ఇంట్లో టీ కాచడానికి అంతసేపు పట్టదని ఆమెకు తెలుసు.

ఆమె కారుకు ఆనుకుని నిలబడింది. "మీకొక లోపం రిపోర్టు చేయాలి," అంది. "నాకు నాలుగో రోజుకే అలవాటైంది. మెసేజ్ రాకముందే నోరు మూసుకునేదాన్ని."

అతను లెక్క వేశాడు. "మరి మిగతా పంతొమ్మిది రోజులూ?"

"చెబితే మీరు మానేస్తారుగా."

ఆ పంతొమ్మిది రోజుల్లో నూట పద్నాలుగుసార్లు గడియారం చూసుకుని మెసేజ్ పంపిన మనిషి, మొదటిసారి నోట్‌బుక్కు లేకుండా వచ్చినందుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. తను కూడా అప్‌డేట్ వచ్చిన పొద్దున పది నిమిషాలు ఆలస్యంగా రాశానని ఒప్పుకున్నాడు. ఆ పది నిమిషాలూ ఏం చేశారని ఆమె అడిగింది. కారులో కూర్చుని, ఈ లోపం దొరికినందుకు దానికి దణ్ణం పెట్టుకున్నానన్నాడు.

"అయితే బీటా అయిపోయినట్టేనా?" అంది.

"బీటా అయిపోయిందండీ. ఇక అసలుది."

లోపలి నుంచి టీ వచ్చింది. చల్లారిపోయి ఉంది. ముగ్గురూ తాగారు. మీవాళ్ళెవరైనా వచ్చి మాట్లాడతారా అని నాన్న అడిగితే, అక్క ఉందని, ఇదే ఊళ్ళో రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుందని అతను చెప్పాడు. ఇంకా ఎండ ఉంది, ఎవరికీ ఏ తొందరా లేదు. అయినా అతను లేచాడు. గేటు దగ్గర ఆగాడు. ఎన్నో ఏళ్ళుగా ఏ గుమ్మంలోనూ అనని మాట అన్నాడు.

"వెళ్ళొస్తా."

ఆమె గేటు పట్టుకుని అడిగింది. "ఏ వెర్షన్ ప్రకారం?"

"పాతదే," అన్నాడు. "అక్కను తీసుకుని ఇప్పుడే వస్తా."

ఆమె గేటు వేయలేదు.