మూడో పిలుపు

పిట్లం తొవ్వల కాలువ మీద ఒక మోరి, చిన్న వంతెన, ఉన్నది. పొద్దుగూకినంక ఆడ ఎవ్వడూ నిలవడడు. కాలువ తవ్విననాడు మట్టిపెళ్ల కూలి ఇద్దరు కూలోళ్లు పోయిండ్రట... వాళ్లే పిలుస్తరట. నవ్వకుండ్రి. ఆ మోరి కాడ ఒక పానం ఎట్ల పోయిందో నాకెరుక. అండ్ల నా చెయ్యి సుత ఉన్నది.

నేను కిషన్‌లాల్‌ని. లంబాడి తండాల పుట్టి, బాన్సువాడ బస్టాండు పక్కన ఫట్‌ఫటీలు బాగుచేసేటోన్ని.

డెబ్బై తొమ్మిది వానకాలంల ఏడుకొండలు కొత్త మోటార్‌సైకిల్ తెచ్చిండు. కోస్తా నుంచొచ్చి కాలువ కింద వరి పండించే ఆసామి. పెండ్లాం రాధాకుమారిని ఎక్కించుకొని తిరుపతి దాంక దాని మీదనే పోవాలని ఆయన పిచ్చి.

"నడుం పట్టెయ్యకూడదయ్యా. సీటు పరుపులా ఉండాలి," అన్నడు.

వారం దినాలు నా నెత్తి తిన్నడు. సీటు ఎడల్పు చేయించి, రెండు వరసల స్పంజి కూరిపించిన. ఎనక ఆనుకోను కమ్మీ కొట్టించిన. హ్యాండిల్ జానెడు లేపిన. అయినా మనిషికి తృప్తి లేదు.

"సౌండేదయ్యా? నేనొస్తున్నానని ఊరవతలికి తెలియాలి!"

సైలెన్సర్ లోపల సప్పుడు మింగే జాలి గొట్టం ఒకటుంటది. అది పీకేసిన. కిక్కు కొడితే నా దుకాణం రేకులు దడదడలాడినయ్. ఆయన మొఖం ఎలిగిపోయింది... నాకేమో కడుపు మండింది. ఊరోళ్ల చెవులు ఏం పాపం చేసినయ్‌రా నాయనా!

గా మంట మీదనే, ఆయన పోయేముందు బెదిరిచ్చిన. "మోరి కాడ పైలం సారూ. ఎవరన్న పిలిస్తే ఆగకు. దెయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తెనే మనిషి."

మా దిక్కు అందరూ అనే మాటనే అది. కానీ ఆయన రంగు మారుడు చూసి లోపల్లోపల నవ్వుకున్న.

తెల్లారి దుకాణం తెరవకముందే వచ్చి కూసున్నడు.

"చూశానయ్యా కిషనూ..." అన్నడు. "నిన్న చీకటి పడ్డాక... మోరి దగ్గర... లైటు వెలుగులో ఒక ఆకారం. రోడ్డు మధ్య చేతులెత్తి నిలబడింది. ఘల్లుమంది. 'అన్నా' అని పిలిచింది."

"ఆగినవా?"

"నెమ్మది చేశా. మళ్ళీ 'అన్నా' అంది. నువ్వు చెప్పావుగా... మూడోదాని కోసం చెవులు రిక్కించా. భయానికి చెయ్యి యాక్సిలరేటర్ మీద బిగుసుకుపోయి బండి ఇంకా గట్టిగా మోగింది. ఆ మోత తప్ప ఏమీ లేదు... మూడోసారి పిలవలేదు! పక్కనుంచి ఒక్క లాగు లాగించా. బతికి బయటపడ్డానయ్యా."

"మొఖం చూసినవా?"

"మొహమెక్కడిది! కళ్ళు... ఒళ్ళంతా కళ్ళే. లైటు పడగానే తళతళా మెరిసినయ్!"

నా చేతిల పానా కింద పడ్డది.

ఒళ్లంత కండ్లు... రైకెకు, లంగకు అద్దాలు కుట్టుకొని తిరిగేది మా తండా ఆడోళ్లే.

సైకిల్ ఎట్ల తొక్కిన్నో నాకే తెల్వదు. తండా మొదట్లనే ఏడుపు ఇనపడ్డది. మా ధర్మి అక్క మొగడు సేవ్యా బావ శవాన్ని గొంగడి మీద పండబెట్టిండ్రు. నిన్న పొద్దుగూకినంక మడి కాడికెళ్లి ఇద్దరు నడిచి వస్తుంటే మోరి కాడ బావను పాము కరిచిందట. ఆడికెళ్లి బాన్సువాడ దవాఖాన బండి మీద పావుగంట.

అక్కకు గొంతు పోయింది. నా చెవి కాడ గుసగుసగ అన్నది.

"రెండుసార్లు కాదు తమ్మీ... పదిసార్లు పిలిచిన. బండి కనపడకుండ పోయిందాంక పిలిచిన."

ఎట్ల ఇనపడతది? ఆ సప్పుడు పెట్టింది నేను. ఆగకుమన్నది నేను. నా మీద నేనే ఉమ్ముకోవాలనిపించింది. పొద్దుగూకకముందే పోయి, నువ్వు చూసింది దెయ్యాన్ని కాదు, మా అక్కను అని ఏడుకొండలు మొఖం మీదనే చెప్పిన. నేను చేసింది సుత చెప్పిన.

పన్నెండో దినం ఆయన తండాకొచ్చిండు... బండిని నూకుకుంట. స్టార్ట్ చేసే ధైర్యం లేకుండె. తండా మొత్తం కర్రలు పట్టుకొని నిలబడ్డది. అక్క ఒక్కతే ముంగటికి వచ్చింది. తిట్టలే, కొట్టలే. సీటు మీద చెయ్యి పెట్టి ఒత్తి చూసింది.

"మంచి ఎడల్పున్నది," అన్నది. "ముగ్గురం పట్టేటోళ్లం."

ఆయన ఆడనే కూలబడ్డడు. తర్వాత బండి అమ్ముకున్నడు.

నేను మాత్రం ఇప్పటికీ రాత్రిపూట ఆ తొవ్వల పోతే మోరి కాడ ఇంజన్ బంద్ చేస్త. జరసేపటికి బావ గొంతు...

"కిషన్..."

ఇంకింత సేపటికి, మళ్ల...

"కిషన్..."

మూడోసారి పిలుస్తడని తెల్లారేదాంక ఆడనే నిలబడ్డ రాత్రులున్నయ్.

పిలువడు.