సీసా అడుగు మందు

మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందంటే గౌరికి తలనొప్పి వచ్చిందని ధర్మవరంలో మా వీధి వీధంతా తెలుసుకునేది. గౌరి నా కూతురు. అప్పటికి ఏడేళ్లు. పన్నెండు దినాలకోసారి వచ్చేది ఆ నొప్పి. కళ్ల ముందర జరీ పోగులు మెరుస్తున్నాయనేది ముందు. అరగంటకు ఎడమ కణత పట్టుకుని ముడుచుకుపోయేది. వెలుతురు పడదు, చప్పుడు పడదు, తాలింపు వాసన పడదు. నీళ్లు తాగినా కక్కేది. కిటికీ లేని వెనక గదిలో పడుకోబెట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, పక్కన కూర్చుని కణత ఒత్తేదాన్ని. బయట మిట్టమధ్యాహ్నం, లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. గంజి పులుపు, తడిగుడ్డ వాసన. నా వేలి కింద దాని నరం కొట్టుకుంటూ ఉండేది.

శొంఠి పట్టు వేశాం. పెనుకొండ దర్గాలో తాయెత్తు కట్టించాం. దిష్టి తీసి తీసి మా అత్త హనుమంతమ్మకు చెయ్యి నొప్పి పుట్టింది గానీ పిల్ల నొప్పి తగ్గలేదు. చివరికి నేనూ మా ఆయన రంగప్పా పిల్లను రైలెక్కించి హిందూపురం తీసుకుపోయాం. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడాది అది.

డాక్టరు సీసా నిండా మందు పోసి, పక్కన గాట్లు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చాడు. ఒక గాటు ఒక మోతాదు.

"ఈ మందు అడుక్కి దిగుతాదమ్మా. పోసేటప్పుడల్లా బాగా ఊపల్ల. ఊపకుంటే పైన నీళ్లు, అడుగున విషం. తాగినాక పిల్ల మత్తుగా పడుంటాది. నోరెండతాది, చేతులు వణుకుతాయి. మర్నాటి దాకా పని చెప్పొద్దు."

విన్నాను. చెవిటిదాన్నేం కాదు.

రెండుసార్లు ఊపే పోశాను. నొప్పి తగ్గింది. కానీ ఆయన చెప్పినట్టే మర్నాడంతా పిల్ల చేతులు వణికాయి. మా ఇంట్లో కండెలు చుట్టేది గౌరే. నాడెలో పెట్టే ఆ దారపు కండెలు లేకపోతే మగ్గం నడవదు. మా ఆయన మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని ఖాళీగా కూర్చుంటే నాకు ఒళ్లు మండేది. పైగా ఆ తెల్లటి చిక్కటి మందును పిల్ల సగం కక్కేది.

మూడోసారి సీసా ఊపలేదు. పైన తేట మెల్లగా వంచి పోశాను. పేచీ లేకుండా తాగింది. సాయంత్రానికి రాట్నం దగ్గర కూర్చుంది. నొప్పి సగం మిగిలే ఉండేది. ఆ సగం పిల్లే ఓర్చుకునేది. నేను మాత్రం ఏదో ఉపాయం కనిపెట్టినట్టు మురిసిపోయాను. ఇక ప్రతిసారీ అంతే. తేట నాది, మడ్డి సీసాది.

తేట అయిపోయింది. కొత్త సీసా కోసం మా ఆయన పొద్దున బండికే హిందూపురం పోయాడు. పెళ్లివాళ్ల చీర నాలుగు దినాల్లో ఇవ్వాలి, కొంగు ఇంకా మిగిలి ఉంది. పది గంటలకు గౌరికి నొప్పి మొదలైంది. ముందెప్పుడూ అంత రాలేదు. గోడకు తల కొట్టుకుంది.

"సాయంత్రం బండికి వాడొస్తాడు. అంతదాకా తాళుకో," అంది మా అత్త.

"పిల్ల ఏడుపు వినపడలేదా అత్తా నీకు?"

ఏడుపుకే పోశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పిల్ల ఏడుపూ వినిపించింది, రేపు కండెలు లేక ఆగిపోయే మగ్గమూ వినిపించింది.

నెయ్యి గిన్నె కడిగిన నీళ్లు కూడా పప్పులో పోసుకునే ఇల్లు మాది. వంటింట్లోకి పోయి, మడ్డి మిగిలిన సీసాలో రెండు చెంచాల వేన్నీళ్లు పోసి, మూతికి వేలు అడ్డం పెట్టి ఊపాను. డాక్టరు ఊపమన్నది ఆ పొద్దు గుర్తొచ్చింది నాకు. పెరుగులా తెల్లగా చిక్కగా వచ్చింది. చుక్క మిగలకుండా గిన్నెలోకి వంచాను. అత్త చూడలేదు.

చీకట్లో గౌరి పెదవికి గిన్నె ఆనించాను.

"ఒద్దమ్మా... ఇది వేరేగా ఉండాది..."

ముక్కు మూసి పోశాను.

కాసేపటికి ఏడుపు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. కణత ఒత్తుతూ కూర్చున్నాను. చీకట్లో పొద్దు తెలియదు. వీధిలో ఎవరో పడుగు సాగదీస్తూ మాట్లాడుకుంటున్నారు. అదీ ఆగిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. కాళ్లు... అవీ చల్లగానే ఉన్నాయి. చెవి దాని ముక్కు దగ్గర పెట్టాను. ఊపిరి వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి. తరువాతది రాలేదు. వేలి కింద నరం కొట్టుకోవడం లేదు. అత్తను పిలవలేదు. పిలిస్తే అత్త దీపం తెస్తుంది, గిన్నె చూస్తుంది. ఆ క్షణంలో కూడా నాకు గిన్నె గుర్తొచ్చింది.

అప్పుడు తలుపు దగ్గర నుంచి వినిపించింది.

"అమ్మా. నొప్పి పోయిండాది."

తలుపు తెరుచుకుంది. వెలుతురులో గౌరి నిలబడి ఉంది. నవ్వుతోంది.

ఎప్పుడు లేచిందో, నా చేతి కింద నుంచి ఎట్లా పోయిందో నేను అడగలేదు. వెనక్కి తిరిగి చాప వైపు చూడలేదు. కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చి తలుపు లాగేశాను. పిల్లను ఎత్తుకుని ఏడ్చాను. సాయంత్రం మా ఆయన కొత్త సీసాతో వచ్చి, పిల్లకు నొప్పి వచ్చి తగ్గిందని అత్త చెప్పగా విని, "మందు యాడిది? ఎట్ల పోసినావు?" అని అడిగితే, "సీసాలో ఇంకొక మోతాదు ఉన్నింది, డాక్టరు చెప్పినట్లే పోసినా," అన్నాను.

కొత్త సీసా మూత తియ్యాల్సిన పని పడలేదు. గౌరికి మళ్లీ తలనొప్పి రాలేదు. వీధి వాళ్లు హిందూపురం డాక్టరును పొగిడారు. పిల్ల ఎండలోనే ఆడేది. వేళకు తినేది. రాట్నం ముందు కూర్చుంటే విసుగనేది లేదు, కండెలు చాలడమే కాదు, బుట్టలో మిగిలేవి. పెళ్లి చీర గడువులో ఇచ్చాం. ఒడిలోకి మాత్రం రాలేదు మళ్లీ. పెద్దదవుతోంది కదా అనుకున్నాను. అనుకోవడం నాకు సులువే.

పన్నెండు దినాలకు, మధ్యాహ్నం, వెనక గదిలో మూలుగు వినిపించింది.

గౌరి వసారాలో రాట్నం తిప్పుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. అత్త బియ్యం ఏరుతోంది. ఆమెకు వినపడినట్టు లేదు.

తలుపు సగం తీశాను.

"తలుపెయ్యమ్మా... వెలుతురు..."

ఏ తల్లయినా పరుగెత్తి పారిపోయేది. నేను లోపలికి పోయి తలుపు వేశాను. ఎందుకంటే ఆ గొంతు నాకు తెలుసు. నాలుగేళ్లుగా ఆ గొంతుతోనే మూలిగింది నా బిడ్డ. చీకట్లో చెయ్యి చాపాను. చాప. దుప్పటి. చిన్న నుదురు, చల్లగా. ఎడమ కణత మీద నరం... కొట్టుకుంటోంది.

తడిగుడ్డ వేశాను. ఒత్తాను. సాయంత్రం దాకా ఒత్తాను.

"మందు పోస్తావా అమ్మా?" అని గుసగుసగా అడిగింది.

"పొయ్యను తల్లీ."

"పొయ్యొద్దు."

దీపం వెలిగించి చూసే ధైర్యం నాకు లేదు. పొద్దు గూకినాక చాప మీద ఏమీ లేదు, పల్లం పడిన దిండు తప్ప.

అప్పటి నుంచి పన్నెండు దినాలకోసారి ఆ గదిలోకి పోయేదాన్ని. నాకూ తలనొప్పి పట్టుకుందని ఇంట్లో చెప్పాను. మా ఆయన నా కోసం ఆ కొత్త సీసా తీసి ఇవ్వబోతే ఆయన చేతిలోంచి లాక్కుని బావిగట్టున పగలగొట్టాను. పిచ్చిదాన్నని అనుకున్నాడేమో. చీకట్లో కూర్చుని ఆ నుదురుకు క్షమాపణ చెప్పుకునేదాన్ని, బయటున్న పిల్లకు చెప్పలేక. తేట సంగతి చెప్పాను. కండెల సంగతి చెప్పాను. సీసా కడిగిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను, ఎవ్వరికీ, ఆ చీకటికి కూడా.

ఆరో నెలలో ఒకరోజు లోపల నొప్పి ఎక్కువగా ఉంది. చిన్న వేళ్లు నా చీర కుచ్చెళ్లు గట్టిగా పట్టుకున్నాయి. రాట్నం చప్పుడు ఆగింది. తలుపు జానెడు తెరుచుకుంది. సందులో గౌరి.

"ఎవరికి ఒత్తుతాండావమ్మా?"

"ఎవరికీ లేదు... నాకే నొప్పి. నువ్వు పోయి కండెలు చుట్టుకో."

పోలేదు. వెలుతురులో నిలబడి నన్నే చూసింది. కోపం లేదు ఆ ముఖంలో, బెదురూ లేదు.

"దాన్ని ఇడిసిపెట్టి రామ్మా," అంది మెల్లగా. "అది నువ్వు సీసా కడిగి పోసింది తాగిన పిల్ల. నేను తాగలేదు."

 ఇద్దరిలో నేను కన్నది ఎవర్నో, ఎవరి దగ్గరికి పోవాలో తెలియక కూర్చుండిపోయాను. నా చేతి కింద నరం కొట్టుకోవడం ఆగింది... ఆ చల్లటి తల మెల్లగా తలుపు వైపు తిరిగింది.