మూడో ఫారం

"మీ అమ్మాయికి చెప్పు, ఎండలు ముదిరాకే బయల్దేరాలని. నీళ్లు తగ్గితేనే జంతువులన్నీ మడుగు దగ్గరికి చేరతాయి," అన్నాడు తండ్రి, రొట్టె ముక్క టీలో ముంచుతూ.

"ఆయనకి చెప్పమ్మా, వానలయ్యాక వెళ్తేనే పిల్లలతో కనిపిస్తాయని," అంది కూతురు, బూటు లేసు బిగిస్తూ.

ఇద్దరి మధ్యా ఉన్నది మూరెడు బల్ల. దాని మీద ఆఫ్రికా మ్యాపు. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతూనే ఉంది. అయినా తల్లి అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పాల్సిందే. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఇదే తంతు.

ఆయన జూలో ముప్ఫై ఏళ్లుగా జిరాఫీల కాపరి. కూతురు అక్కడే పశువుల డాక్టరు. ఆయన 'పొడుగమ్మా' అని ముద్దుగా పిలుచుకునే ముసలి జిరాఫీ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఇక లేవదని తేల్చి ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చింది కూతురే. ఆ రోజు నుంచి ఆయన కూతురితో మాట్లాడితే ఒట్టు. మొండితనంలో ఆ పిల్లా తక్కువేం తినలేదు.

సఫారీ ఆలోచన తల్లిదే. "కంచె లేని చోట జిరాఫీని చూపిస్తా" అని కూతురికి చిన్నప్పుడు ఆయనిచ్చిన మాటను పట్టుకుని లాగిందావిడ. పది రోజులు ఒకే జీపులో కూర్చోబెడితే ఎంతసేపని మొహాలు తిప్పుకుంటారు? ఆగడానికి ఆవిడకి వ్యవధి లేదు. బీరువాలో దుప్పట్ల కింద మాత్రలు దాచుకుంది. రక్తంలో జబ్బు. మందులు మహా అయితే ఏడాది పనిచేస్తాయన్నాడు డాక్టరు. తను పోతే వీళ్ల మాటలు మోసేదెవరు? ఒకే కప్పు కింద ఇద్దరు మూగవాళ్లలా మిగిలిపోరూ?

"తొమ్మిదింటికి ఎల్లో ఫీవర్ టీకా. అది లేనిదే అక్కడ అడుగుపెట్టనివ్వరట. ఫారాలు నింపేశాను, సంతకాలు పెట్టండి," అంది కంగారుగా.

కూతురు ఫారాలు చూసింది. "రెండే ఉన్నాయి. నీదేదీ?"

"నేను వచ్చేవారం వేయించుకుంటాలే."

"సూదంటే భయమని మాత్రం చెప్పకు. నన్ను కన్నదానివి!" అని నవ్వుతూ మ్యాపు ఎత్తింది. దాని కింద మూడో ఫారం ఉంది. చించేద్దామనుకుంటూనే మరిచిపోయింది తల్లి. 'రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నారా?' అన్న ప్రశ్న ఎదురుగా 'అవును' అని ఉంది. అలాంటివారికి ఈ టీకా వేయరని కింద రాసి ఉంది. అక్కడితో రాత ఆగిపోయింది.

కూతురి నవ్వు ఆరిపోయింది. "ఏం మందులమ్మా ఇవి?"

"ఏవో, బలానికి..."

"నేను డాక్టర్ని."

"పశువుల డాక్టరువి. నేనేమన్నా పశువునా?" అని నవ్వబోయింది తల్లి.

"ఏమైందే నీకు?" అంటూ తండ్రి లేచాడు. కప్పు ఒరిగి టీ మ్యాపు మీద పారింది.

దాంతో ఆవిడ దుఃఖం కట్టలు తెంచుకుంది. "ఇప్పుడడుగుతున్నారా? జిరాఫీ ఒక్క పూట నెమరు వేయకపోతే కంచె అవతల్నుంచే కనిపెడతారే! ఆర్నెల్లుగా నేను సగం తిండి వదిలేస్తుంటే కళ్లెక్కడ పెట్టుకున్నారు? నువ్వూ అంతేనే! మీ ఇద్దరి కబుర్లు మోయడానికే నా నోరు చాల్లేదు. ఇక నా కబురు ఎవరి చేత పంపను? నా రక్తంలో జబ్బు, నాకు ఏడాదే టైముంది. టీకా వేయించుకుని వెళ్లండి. నన్నొదిలేసే వెళ్లండి. మీరు మాట్లాడుకున్నారని తెలిస్తే చాలు నాకు!"

గోడ గడియారం తొమ్మిది దాటింది. తండ్రి తడిసిన మ్యాపుని మడత పెట్టాడు.

"పాపా," అన్నాడు. ఆ పిలుపు ఆ ఇంట్లో వినపడి ఎనిమిది నెలలైంది. "దీనికి ఇంకా పెద్ద డాక్టరు ఎవరున్నారు?"

తల్లి కళ్లు తుడుచుకుంటూ అలవాటు కొద్దీ కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న అడుగుతున్నారు, పెద్ద డాక్టరు..."

"వినపడిందమ్మా," అంటూ కూతురు భోరుమంది. "కనుక్కుంటాను నాన్నా. ఈ రోజే వెళ్దాం." కాసేపటికి, "పొడుగమ్మకి నొప్పి తెలియనివ్వలేదు నాన్నా, ఒట్టు," అంది.

"తెలుసు. దాని తల నా ఒళ్లోనే ఉందిగా." ఆయన కూతురి తల మీద చెయ్యేశాడు. "జిరాఫీలు ఎక్కడికీ పోవు. ముందు మీ అమ్మ."

ఏ ఆస్పత్రి, ఏ బస్సు, ఎవరికి ఫోన్ చేయాలి అని తండ్రీ కూతురూ ఒకరి మాటకొకరు అడ్డం పడుతూ మాట్లాడుకుంటున్నారు. తల్లి మధ్యలో కూర్చుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మోయడానికి ఇక ఎవరి మాటా మిగల్లేదు. అప్పుడు ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

"నాకు భయంగా ఉందండీ," అంది.