కన్ను కొట్టలేదు, కొట్టుకుంది

శాలిబండ చౌరస్తాలో పచ్చలైటు వెలిగింది. పక్క బండ్లన్నీ కదిలాయి, ప్రేమ్‌రాజ్ స్కూటీ తప్ప.

ఎలా కదులుతుంది? ఎదురుగా ఖాకీ బట్టల్లో నిలబడ్డ హోంగార్డు అమ్మాయి అతణ్ణి సూటిగా చూసి ఎడమ కన్ను కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు! ఇరవై ఏడేళ్ల జీవితంలో ప్రేమ్‌రాజ్‌కి పాత ట్యూబులైట్లు తప్ప ఎవరూ కన్ను కొట్టిన పాపాన పోలేదు. అతని చెయ్యి యాక్సిలరేటరు మీద, మనసు ఆకాశం మీద ఉండిపోయాయి.

వెనక బస్సు, బస్సు వెనక షేర్ ఆటోల బారు. హారన్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయి విసవిసా వచ్చింది.

"ఏ భాయ్! గ్రీన్ పడ్డది కనవడ్తలేదా? కండ్లు యాడ పెట్టినవ్?"

"మీ మీదనే పెట్టిన మేడం."

"ఏందీ?"

"మీరు కన్ను కొట్టిండ్రు గదా. ఏమన్న పనున్నదేమో అని ఆగిన."

ఆటోవాళ్లు ఘొల్లుమన్నారు. ఆ అమ్మాయి ముఖం కూడా కన్నుతో పోటీపడి ఎర్రబడింది.

"నేను కన్ను కొట్టుడేంది? కొట్టలే, కొట్టుకుంటుంది! కొట్టుడు వేరు, కొట్టుకునుడు వేరు. తెలుగు రాదా నీకు?"

"వచ్చు మేడం. గ్రామర్ల జర వీకు."

"నడువ్! లేకుంటే ఇప్పుడు నిజంగనే కొడ్త. కన్ను కాదు!"

ప్రేమ్‌రాజ్ నడిచాడు. నడిచే ముందు ఆమె చొక్కా మీది పేరు మాత్రం చదివేశాడు. స్వీటీ. పేరులో స్వీటు, నోట్లో హాటు అనుకున్నాడు.

స్వీటీ తిరిగి తన చోటికి వచ్చి నిలబడింది గానీ ఒళ్లంతా మండిపోతోంది. మండదా మరి! ఎడమ కంటి తెల్లగుడ్డు మీద, ముక్కు వైపు, ఈగ రెక్కంత కండ పెరిగింది. మూడేళ్లుగా ఎండ, దుమ్ము, ఆటోల పొగ తిన్న కన్ను అది. గరగరలాడుతుంది, నీరు కారుతుంది, రెప్ప టపటపలాడుతుంది. ఇందులో ఆమె చేసిన నేరమేమిటి? డ్యూటీకి వస్తే "రాత్రి నిద్రపోలేదా?" అంటారు. రోడ్డెక్కితే "తాగొచ్చిందిరా" అంటారు. ఇవాళ ఈ మహానుభావుడు కన్ను కొట్టానన్నాడు. పొర స్వీటీది, పాట్లు స్వీటీవి, మాటలు మాత్రం ఊరందరివీ!

మలక్‌పేటలో కంటి డాక్టరమ్మ వివరంగానే చెప్పింది.

"దీన్ని టెరీజియం అంటారమ్మా. క్యాన్సరు కాదు, ప్రాణభయం లేదు. కానీ నల్లగుడ్డు మీదికి పాకుతోంది. నడిమికి చేరితే చూపు తగ్గిపోతుంది. ఇప్పుడే తీసేస్తే మంచిది."

పక్కనే కూర్చుని విన్న తల్లి నీలమ్మ, ఇంటికొచ్చేసరికి దాన్ని గల్లీ అంతా పంచిపెట్టింది.

"మా బిడ్డ కంట్ల మ్యూజియం ఉన్నదంట!"

"మ్యూజియం కాదమ్మా, టెరీజియం!"

"ఏదైతేంది? చూడనీకి అందరు ఒస్తనే ఉన్నరు గద."

"ఔ. టిక్కెట్టు ఒక్కటే తక్కువ" అంది స్వీటీ పళ్లు కొరుకుతూ.

ఆ వారమే మలక్‌పేట నుంచి సుగుణమ్మ అనే ఆవిడ, కొడుకు డానియేలును వెంటబెట్టుకుని పెళ్లిచూపులకు వచ్చింది. చూపులు పెళ్లి కోసమే గానీ, ఆవిడ చూపంతా కంటి మీదే. సమోసా తిన్నది, చాయ్ తాగింది, మూతి తుడుచుకున్నది.

"పిల్ల మంచిగనే ఉన్నది. ఆ కన్నొక్కటి సాఫ్ చేయించుండ్రి. పెండ్లి ఫోటోలల్ల ఎర్రగ పడ్తది. అటెంక మల్ల ఒస్తం."

"సాఫ్ చేయనీకి ఇది కన్నా, కిటికీ అద్దమా?" అని స్వీటీ లేచింది. కండ పెరిగింది తన కంట్లో, కావరం పెరిగింది ఆవిడ ఒంట్లో! ఆ క్షణమే శపథం చేసింది. "నేను ఆపరేషన్ చేయించుకోను. ఎవరి ఫోటో కోసమో నా కన్ను కోయించుకోను!"

నీళ్ల పైపులైన్ల పని చేసే తండ్రి ఇశ్రాయేలు బతిమాలి చూశాడు. "లీకు చిన్నగున్నప్పుడే పట్టాలె బిడ్డా."

"నా కన్ను పైపు కాదు బాపూ!"

అక్కడితో ఆ మాట మూతపడింది. కండ మాత్రం మూతపడలేదు. పాకుతూనే ఉంది.

జూలైలో ఓ వానపూట, పక్కనుంచి పోతున్న ఆటో కొక్కెం తగిలి స్వీటీ యూనిఫాం చేతి దగ్గర జానెడు చిరిగింది. దర్జీకిస్తే కుట్టు కనబడుతుంది, కనబడితే ఎస్సై శివయ్య కనిపెడతాడు. రఫూ చేయించమన్నారెవరో. చౌరస్తా పక్క గల్లీలో అగ్గిపెట్టెంత దుకాణంలోకి తల వంచి చూసింది. సూది పట్టుకుని కూర్చున్న మనిషి తలెత్తాడు.

"నువ్వా!"

"నేనే మేడం. భయపడకుండ్రి. రఫూ చేసేటోణ్ణి, రఫ్‌గ చేసేటోణ్ణి కాదు."

రావద్దనుకున్న నవ్వు వచ్చేసింది. స్వీటీ వెంటనే ముఖం గంభీరంగా పెట్టుకుంది.

"కుట్టు కనవడొద్దు."

"కుట్టు వేస్తె గద కనవడనీకి! ఈ చొక్కా లోపలి మడతల నుంచే దారాలు తీస్త. వాటితోనే చిరుగు మీద నేస్త. బయటి దారం ఒక్కటి కూడ పెట్ట. బట్టది బట్టకే."

మర్నాడు చొక్కా తీసుకుని, చిరిగిన చోటు వెతికి వెతికి అలసిపోయింది. "ఏది?" అని అడగడమే పెద్ద మెప్పు. ప్రేమ్‌రాజ్ ఆ "ఏది" మీద వారం రోజులు బతికాడు.

ఆ తర్వాత జేబు చిరిగింది. తర్వాత కాలరు. రఫూ అయ్యేలోపు సుగుణమ్మ సంగతీ, తన శపథం సంగతీ కూడా అతనికి చెప్పేసింది. ఇంట్లో ఓ ముళ్ల కంపైనా లేదు, ఈ పిల్ల బట్టలు ఇలా ఎందుకు చిరుగుతున్నాయని నీలమ్మ ఆశ్చర్యపడింది. కత్తెర ఎక్కడుందో చూసుకుని ఉంటే ఆశ్చర్యపడేది కాదు.

ఆగస్టులో ఓ సాయంత్రం మళ్లీ వాన. డ్యూటీ దిగిన స్వీటీ దుకాణం రేకు కింద నిలబడింది. చూరు నీళ్లు ఇద్దరి మధ్య పూసల తెరలా జారుతున్నాయి. మాటలు లేకుండా నిలబడటం కూడా బాగానే ఉందనిపించింది ఆమెకి. ఇంతలో దూరంగా బస్సు కనబడింది.

"బార్కస్ బస్ ఒస్తుంది. రోజు ఇదే టైంకి ఒస్తది" అంది.

ప్రేమ్‌రాజ్ అటు చూశాడు. బస్సు దగ్గరికి వచ్చింది. బోర్డు మీద ఇంతంత అక్షరాలతో మలక్‌పేట అని ఉంది.

"స్వీటీ, ఆపరేషన్ చేయించుకో" అన్నాడు మెల్లగా.

ఆమె గిర్రున తిరిగింది. చౌరస్తా గొడవ తర్వాత ఈ ఒక్కడే ఆ కన్ను గురించి మాట్లాడలేదు. ఈ ఒక్క చోటే ఆమె ముఖం దాచుకోకుండా నిలబడింది.

"నువ్వు కూడ సుగుణమ్మ పార్టీనేనా? నీకు కూడ ఎర్రగ కనవడ్డదా? నాతోటి రోడ్డు మీద నిలవడనీకి సిగ్గయితుందా? చెప్పు!"

"ఏయ్, ఆగు!" సూది కింద పడేసి ప్రేమ్‌రాజ్ కూడా లేచాడు. అతనికి కోపం రావడం ఆ గల్లీ చూడటం అదే మొదటిసారి. "సిగ్గేంది? నీ కన్ను ఎర్రగుంటె నాకేంది, పచ్చగుంటె నాకేంది? మొదటిరోజు ఆ కన్ను చూసే గద రోడ్డు మీద ఆగిపోయిన! నాకు మస్తు నచ్చింది, ఇప్పటికి నచ్చింది, సచ్చేదాంక నచ్చుతది! గానీ నువ్వు నిలవడేది నడిరోడ్డు మీద. లారీ ఒస్తె చూడాల్సింది నువ్వు, నేను కాదు. బోర్డు చదవనీకి రాదు, బండి నంబరు చదవనీకి రాదు. గాళ్లు నిన్ను చూసుడు గురించి చెప్పిండ్రు. నేను నువ్వు చూసుడు గురించి చెప్తున్న! రెండు ఒకటేనా? తెలుగు రాదా నీకు?"

ప్రేమ్‌రాజ్‌కి తను ఏమన్నాడో ఒక్కో ముక్కగా అప్పుడు తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి.

స్వీటీ బస్సు వెళ్లిన వైపు చూసింది.

"నాకు భయం" అంది. "కన్ను తెరిచి పట్టుకుని, కత్తి దగ్గరికి ఒస్తుంటే చూడాల్నంట గద. సుగుణమ్మ మీద కోపం సగమే. మిగతాది భయం. కోపమంటె ఇంట్ల అందరు ఊకున్నరు. భయమంటె నవ్వుతరు."

ప్రేమ్‌రాజ్ నవ్వలేదు.

"పోయిన సోమారం మలక్‌పేట పోయి అడిగొచ్చిన. ఎవరికంటె, నాకే అన్న. టార్చి వేసి చూసి, నీ కండ్లు బంగారం లెక్కున్నయ్, మా టైం ఖరాబ్ చేయకు పో అని తిట్టిండ్రు. అయినా ఇడిసిపెట్టలే, అంతా అడిగిన. మత్తు మందు వేస్తరంట. కత్తి కనవడదు, ఎలుగు మాత్రమే కనవడ్తదంట. అరగంట పని. కండ తీసినంక ఆ జాగ ఖాళీ పెడ్తె మల్ల పెరుగుతదంట. అందుకే అదే కంటికి, పై రెప్ప కింద దాగిన పలుచటి పొర జరంత తీసి, అక్కడ అతుకుతరంట. బయటిది ఏం పెట్టరు."

స్వీటీ అతని వైపు తిరిగింది. "అంటె?"

"అంటె కంటిది కంటికే. రఫూ! నీ చొక్కాకు నేను చేసినట్టు. నువ్వు ఎతికినా దొరకలే గద?"

ఆమె కళ్లు రెండూ తడిశాయి. ఒకటి కండ వల్ల, ఇంకోటి కండ లేకుండానే.

ఆపరేషన్ రోజున కాగితం మీద సంతకం ఆమే చేసింది. బయట వరండాలో ఇశ్రాయేలు అటూ ఇటూ తిరుగుతూ, ఓ మూల నల్ల కళ్లద్దాల డబ్బా చేతిలో పట్టుకుని అంతకంటే ఎక్కువ తిరుగుతున్న కుర్రాణ్ణి చూశాడు.

"ఎవరు బాబూ నువ్వు?"

"రఫూ అంకుల్."

"రఫ్ఫా?"

"కాదంకుల్, ప్రేమ్‌రాజ్. అద్దాలు తెచ్చిన. ఆపరేషన్ అయినంక ఎండల తిరగొద్దంట. దుమ్ము తగలొద్దంట. చుక్కల మందు రోజుకు నాలుగు పూటలు వేయాల్నంట, రెప్ప నలపొద్దంట, మల్ల పెరగకుండ..."

ఇశ్రాయేలు అతణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు. ఇంతసేపూ డాక్టరు చెప్పింది తనకు ఒక్క ముక్క గుర్తులేదు. ఈ పిల్లాడికి కంఠస్థం. పెద్దాయన మెల్లగా బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

"కూసో బిడ్డా. తిరిగితె ఆపరేషన్ జల్ది కాదు."

అరగంటకు స్వీటీ ఎడమ కంటికి పట్టీతో బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడే నీలమ్మ చేతిలో ఫోన్ మోగింది. సుగుణమ్మ! వార్త మలక్‌పేటంతా అప్పుడే పాకిపోయినట్టుంది.

"కన్ను సాఫ్ అయ్యిందంట గద! ఐతారం మావాడిని తోలుకొని పెళ్లిచూపులకు మల్ల ఒస్తం."

నీలమ్మ నోరు తెరిచేలోపు స్వీటీ ఫోన్ లాక్కుంది.

"ఆంటీ, నేను కన్ను బాగుచేయించుకున్నది నేను చూడనీకి. మీరు చూడనీకి కాదు. మ్యూజియం బందయింది!"

ఫోన్ తల్లికిచ్చేసి, ప్రేమ్‌రాజ్ ముందు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"లెవ్."

లేచాడు.

"అటు నడువ్. ఇటు తిరుగు. వంటొచ్చా?"

"బగారన్నం, టమాట పప్పు" అన్నాడు ప్రేమ్‌రాజ్.

"కోపం మల్ల ఎప్పుడొస్తది?"

"నువ్వు తప్పు బస్ ఎక్కినప్పుడు."

స్వీటీ ఒంటి కన్నుతో అతణ్ణి తాపీగా, జుట్టు నుంచి చెప్పులదాకా చూసింది. ఇశ్రాయేలు పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. నీలమ్మ ఆపుకోలేదు.

"ఒక కంటితోటి చూసిన" అని తీర్పు చెప్పింది స్వీటీ. "సగం నచ్చినవ్. పట్టీ రేపు పొద్దున తీస్తరు. మిగతా సగం రేపు చెప్త."

"రేపా!" ప్రేమ్‌రాజ్ అటుగా పోతున్న నర్సు వెంట పరుగెత్తాడు. "సిస్టర్! గిదేం అన్యాయం సిస్టర్! ఆ పట్టీ ఇయ్యాల్నే తీయరాదా?"