ప్రస్థానం సంచిలో పాస్‌పోర్టు

గురువారం ఉదయం పదకొండు గంటలకు జ్యోతిక దిల్‌సుఖ్‌నగర్‌లోని డిటెక్టివ్ లింగస్వామి ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఆమె ఒక కాలికి నల్ల చెప్పు, రెండో కాలికి గోధుమరంగు చెప్పు ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు. అసిస్టెంటు ప్రసన్న మాత్రం చూసింది. కోచింగ్ సెంటర్ల మధ్య, జెరాక్స్ షాపు పైన ఉన్న ఆ గదికి వచ్చేవాళ్లలో సగం మంది పెళ్లి సంబంధాల గురించి ఆరా తీయించడానికి వస్తారు. వాళ్లు తీరిగ్గా కూర్చుని, టీ తాగి మరీ మాట్లాడతారు. ఈమె కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“సార్, నా పాస్‌పోర్టు పోయింది. రేపు రాత్రి విమానం. మా నాయినకు కండ్లు పోతున్నయ్,” అని ఒక్క గుక్కలో చెప్పి గోడ పట్టుకుంది.

లింగస్వామి పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఒకప్పుడు బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేసిన మనిషి, ఎంత గోలలోనైనా గొంతు పెంచడు. “కూసో బిడ్డా. కండ్ల ముచ్చట ముందుగాల చెప్పు,” అన్నాడు.

ఇంకెవరైనా పాస్‌పోర్టు గురించి అడిగేవారు. మూడేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న ప్రసన్నకు ఇలాంటప్పుడే ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది. నోటుబుక్కు తెరిచింది.

జ్యోతిక చైతన్యపురిలోని ఒక ల్యాబులో టెక్నీషియన్. తండ్రి సీతారాములు ముప్ఫై నాలుగేళ్లు గూడ్సుబండి చివరి పెట్టెలో గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. బతుకంతా రైల్లోనే గడిచినా ప్రయాణికుడిలా కూర్చుని నాలుగు ఊళ్లు చూసిన పాపాన పోలేదు. కొండల మధ్య నడిచే పరాయి దేశాల రైళ్లెక్కాలని ఆయన కోరిక. నాలుగు నెలల కిందట డాక్టరు నీటికాసుల జబ్బు (గ్లకోమా) ముదిరిందనీ, ఆరు నెలల్లో చూపు పూర్తిగా పోతుందనీ చెప్పాడు. ఆ రోజు నుంచి జ్యోతిక కంటి మీద కునుకు లేకుండా కూర్చుని యాత్ర తయారుచేసింది. పారిస్‌లో దిగి స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా మీదుగా ప్రాగ్ దాకా అన్నీ పగటి రైళ్లే. ఎనిమిది రోజుల్లో ఐదు దేశాలు. ఆమెకు దొరికిన సెలవు పది రోజులే. వీసా మీద తేదీలు ముద్రపడిపోయాయి, జరపడానికి లేదు.

“ఇది తప్పిపోతే మళ్ల పాస్‌పోర్టు, మళ్ల వీసా, ఎంత లేదన్నా రెండు నెలలు సార్. అప్పటికి మా నాయినకు చీకటే,” అంటూ కొంగుతో మొహం కప్పుకుంది. “ఆయన్ని ఒక్కన్నే పంపలేను. నేను లేకుంటే ఆయన పోలేడు.”

“పాస్‌పోర్టు ఎక్కడ పెట్టినవ్?”

“ప్రస్థానం సంచిల, సార్.”

లింగస్వామి తలూపాడు. బయల్దేరే రోజు దిక్కు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి గడియలో ప్రయాణపు వస్తువులు కొన్ని పొరుగింట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. శుక్రవారం పడమర దిక్కుకు శూల అని ఎదురింటి అండాలమ్మ పట్టుబట్టింది. సోమవారం పొద్దున కొత్త తువ్వాలు, కొబ్బరికాయ, రెండు పాస్‌పోర్టులు ఒక గుడ్డసంచిలో పెట్టి ఆమె ఇంట్లో దేవుడి గూటి కింద ఉంచారు. బుధవారం పొద్దున వీసా పేజీ ఫొటో తీసుకుందామని జ్యోతిక సంచి విప్పితే తండ్రి పాస్‌పోర్టు ఒక్కటే ఉంది.

“పోలీస్ స్టేషన్ల దరఖాస్తు ఇచ్చిన. రెండిండ్లూ ఇడిచి పెట్టకుండ దేవులాడినం. నా పెట్టె, మా ఆయన పెట్టె, బియ్యం డబ్బా సుత.”

ముగ్గురూ మెట్రో దిగి ఎల్‌బీ నగర్‌లో జ్యోతిక వాళ్ల కాలనీ సందులోకి వెళ్లేసరికి ఒంటిగంటయింది. వాళ్లుండే కింది పోర్షన్‌లో ముందు గది గోడకు పెద్ద చార్టు అంటించి ఉంది. రైళ్లు, వేళలు, మారాల్సిన ప్లాట్‌ఫారాలు అన్నీ నీలి సిరాలో వరసగా రాసి ఉన్నాయి. అక్కడక్కడ ఎర్ర సిరా దిద్దుబాట్లు.

“మొన్న ఆదివారం దిద్దిన సార్. ఆడ పట్టాల మరమ్మతు ఉందట,” అంది జ్యోతిక.

సీతారాములు చార్టు పక్కనే నిలబడ్డాడు. ఎండ మండిపోతున్నా చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నాడు. “రాండ్రి సార్,” అని చార్టు మీద వేలుపెట్టి బండ్లన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో కరెంటు పోయింది. కిటికీలేని గది, ఎండకు తలుపు మూసి ఉంది, చీకటి కమ్ముకుంది. జ్యోతిక “అయ్యో” అంది, ఆమె భర్త యోగేందర్ సెల్‌ఫోను లైటు కోసం జేబు తడుముకున్నాడు. సీతారాములు మాత్రం ఆగలేదు. “ఆఖరి బండి వియన్నా నుంచి ప్రాగ్‌కు తొమ్మిది పదికి,” అన్నాడు. లైటు వెలిగేసరికి ఆయన వేలు సరిగ్గా ఆఖరి వరస మీద ఉంది. ప్రసన్న చూస్తే అక్కడ నీలి సిరాలో 9:10 కొట్టేసి, పైన ఎర్రగా 11:40 అని ఉంది. పెద్దాయన పాత వేళ మరిచిపోలేదు పాపం అనుకుంది.

ఎదురింట్లో అండాలమ్మ చేతులు నులుముకుంటూ కూర్చుంది.

“సంచి దగ్గరికి ఎవరెవరొచ్చిన్రమ్మా?” అన్నాడు లింగస్వామి.

“మంగళారం పొద్దుగాల యోగేందర్ వచ్చి ట్యూబులైటు మార్చిండు. మాపటికి సీతారాములన్న వచ్చి గా కుర్చీల కూసున్నడు. రోజూ వస్తడు. ఇంకెవ్వలు రాలె సారూ. నేనే తీసిన్ననుకుంటున్నరా? నాకు సదువు రాదు, గా బుక్కు నేనేం జేసుకుంట?”

“సంచి ముట్టుకున్నవా?”

“దేవుని కాడ పెట్టినంక ముట్టుడెందుకు?”

తిరిగి ఇంట్లోకి వచ్చేసరికి యోగేందర్ మొహం ముడుచుకుని ఉన్నాడు. కార్ల షోరూములో మెకానిక్, మాట కరుకు. “అవును, పోవద్దనే అన్న. ఎనిమిది రోజులు రైళ్లల్ల ఉరుకుడు, గా ముసలాయనను ఎట్ల సంభాళిస్తది? అన్నందుకు నేను దొంగనా? ఆపాల్నంటే ఎదురుంగనే ఆపుత. దొంగచాటుగ ఎందుకు?”

“మీరు ఏర్‌పోర్టుకు ఎప్పుడు బయల్దేరుతున్నరు?” అన్నాడు లింగస్వామి.

“రేపు రాత్రి పదింటికి. కారు మాట్లాడిన.”

లింగస్వామి విమానం టికెట్టు కాగితం అడిగి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ప్రసన్నకు ఇచ్చి ఎత్తి రాసుకోమన్నాడు. శుక్రవారం, 03:10 అని ఆమె రాసుకుంది. తర్వాత ఆయన సీతారాములు పక్కన కూర్చున్నాడు.

“అన్నా, టికెట్టు సూసినవా?”

“సూడకుండ ఉంటనా? రోజూ సూస్తున్న. శుక్రవారం రాత్రి మూడు పదికి.”

లింగస్వామి మొహం వాడిపోయింది. అంత దిగులు ఆయన మొహంలో ప్రసన్న ఎప్పుడూ చూడలేదు. “అందర్నీ పిలువమ్మా,” అన్నాడు మెల్లగా.

మూడు గంటలకు ఆ ముందు గదిలో అందరూ చేరారు.

“మొదటి మాట. విమానం రేపు రాత్రి కాదు, ఇయ్యాల రాత్రే. ఇంక పన్నెండు గంటలే ఉన్నయ్,” అన్నాడు లింగస్వామి.

జ్యోతిక టికెట్టు లాక్కుని చూసింది.

“మనకు తెల్లారితేనే రోజు మారుతది. రాత్రి మూడింటి దాంక శుక్రవారమే అనుకుంటం. టికెట్టు రాసేటోడికి పన్నెండు కొట్టంగనే శుక్రవారం మొదలు. ఆలుమగలు మీరిద్దరూ పొరబడ్డరు, దాంట్ల వింత లేదు. కానీ ముప్ఫై నాలుగేండ్లు అర్ధరాత్రి దాటిన బండికి మర్నాటి తేదీ రాసిన గార్డు పొరబడడు. టికెట్టు ఒక్కసారి చూసినా పట్టుకుంటడు. ఆయన పట్టుకోలేదంటే చూడలేదు. రోజూ చూస్తున్ననని నాకు చెప్పిండు.”

లింగస్వామి చార్టు వైపు తిరిగాడు.

“ఆదివారం దిద్దిన ఎర్ర సిరా ఆయనకు తెలవదు. కరెంటు పోతే మనమంతా ఆగినం, ఆయన ఆగలేదు. ఆయనకు తేడా తెలవలేదు. చార్టు ఆయన చదవలేదు బిడ్డా, మునుపు నువ్వు పక్కన కూసుని చదువుతుంటే విని బట్టీ పట్టిందే చెప్పిండు.”

“అంటే?” అంది జ్యోతిక.

“సంచిల రెండు పుస్తకాలు, రెండూ ఒక్కతీరు. తీసినోళ్లు ఒక్కటే తీసిన్రు. యోగేందర్ వద్దన్నది ముసలాయన పోవుడే, తీస్తే పేరు చూసి ఆయనదే తీస్తడు. అండాలమ్మకు చదువు రాకున్నా లోపల ఫొటో గుర్తుపడ్తది. చూడకుండ, చేతికి దొరికింది తనదనుకుని తీసుకున్న మనిషి ఒక్కడే. తన పాస్‌పోర్టు పోయిందంటే బిడ్డ దేవుని మీద నెపం పెట్టి ఊకుంటదనుకున్నడు. పొరపాటున బిడ్డదే వచ్చింది. ఇంట్ల ఎక్కడ దాచినా దొరుకుతది కాబట్టి ఒంటి మీదనే పెట్టుకున్నడు. సీతారాములన్నా, ఇంత ఉక్కల మెడ దాంక బొత్తాలెందుకే?”

సీతారాములు పై బొత్తాలు రెండు విప్పి, బనియన్ జేబులోంచి చెమటకు తడిసిన నీలిరంగు పుస్తకం తీసి గాలిలోకి చాచాడు. జ్యోతిక అటు కాకుండా కొంచెం పక్కకు నిలబడి ఉంది. ఆ చెయ్యి ఎవరూ లేనివైపే ఉండిపోయింది. అది చూసి ప్రసన్న కన్నీళ్లు ఆపుకోలేకపోయింది.

“అక్షరాలు ఎప్పుడో అలుక్కపోయినయ్. చూపు పోయి పది రోజులాయె బిడ్డా,” అన్నాడు. “ఎండకెదురుంగ నిలబడితే జర ఎలుగు తెలుస్తది, అంతే. మనిషి కనవడడు. నువ్వు నాలుగు నెలలు నిద్రలేకుండ రాసినవ్. ఎట్ల చెప్పాలె నీకు? నీది పోయిందని నువ్వు ఏడుస్తుంటే పాణం కొట్టుకున్నది. అప్పుడన్న ఇయ్యాల్సుండె. సిగ్గుతోటి నోరు రాలె.”

జ్యోతిక పాస్‌పోర్టు అందుకుంది. ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమెకు కోపం వచ్చింది.

“పది రోజులు నా పక్కన కూసుని అన్నం తిన్నవ్ గదా నాయినా! ఒక్కసారి నోరిప్పొద్దా?”

“ఇప్పితే ఏమైతది? ఇంక నేను పోయి ఏం జెయ్యాలె? కొండలుంటే ఏంది, గోడలుంటే ఏంది నాకు!”

“నీకే ఉన్నయా కండ్లు?” అంది జ్యోతిక. “నేను పుట్టినకాన్నుంచి నువ్వు బండెక్కి పోతనే ఉన్నవ్. గార్డు బిడ్డనని పేరే గానీ నన్ను నువ్వు ఒక్క ఊరికన్న తీస్కపోయినవా? ఇదంతా నీ ఒక్కని కోసమే రాసిన్ననుకున్నవా? నాకు సూడాల్నని ఉండదా?”

సీతారాములు తల దించుకున్నాడు. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లింగస్వామి లేచి ప్రసన్న చేత నోటుబుక్కు మూయించాడు.

యోగేందరే ముందు కదిలాడు. జేబులోంచి ఫోను తీసి కారతనికి చేసి, “రేపు కాదు తమ్మీ, ఇయ్యాల. పదింటికల్లా రావాలె, జర పక్కాగ,” అన్నాడు. పెట్టేసి మామ ముందు నిలబడ్డాడు. “మామా, నీ స్వెట్టరు ఏ పెట్టెల పెట్టాలె?”

సీతారాములు తల ఎత్తాడు. చెయ్యి చాపి, గాలిలో వెతుక్కుంటూ కూతురి మోచెయ్యి పట్టుకున్నాడు.

“అన్ని బండ్లల్ల నాకు కిటికీ సీటు రాయించినవ్ గదా బిడ్డా,” అన్నాడు. “ఆడ నువ్వు కూసో.”