లాకు ఇంటి కంపు

పొద్దుగూకాక ఆ లాకు ఇంటి దగ్గర ఆగకూడదని ఇక్కడి మన తెలుగోళ్లందరికీ తెలుసు.

న్యూజెర్సీలో మా అబ్బాయి ఉండే ఊరి పక్క నుంచి పాత కాలవ ఒకటి పోతుంది. పడవలు తిరిగే రోజుల్లో నీళ్లు ఎక్కించి దించడానికి దాని మీద తలుపులు పెట్టారు. మా నరసాపురం వైపు లాకులంటామే, అవే. ఆ లాకు పక్కన కాపలావాడి రాతి ఇల్లుంది. వాడు ఆ ఇంట్లో ఒంటరిగా చచ్చిపోతే తొమ్మిది రోజుల దాకా ఎవరూ చూసుకోలేదట. తలుపు పగలగొట్టేసరికి... ఛీ, ఆ ముక్క నేను చెప్పను. అప్పట్నుంచీ చీకటి పడితే అక్కడ శవం కంపు కొడుతుందనీ, ఆ కంపు పీల్చినవాడి వెంట అది ఇంటిదాకా వస్తుందనీ అంటారు.

అంటే అననీ, నాకేం? నాకు ఒళ్లు మండేదొక్కటే. ఆ దెయ్యం మూలాన నా నడక కట్టేశారు.

ఆర్నెల్లుందామని వచ్చాను. పొద్దున్నే కొడుకూ కోడలూ ఆఫీసులకి పోతే ఆ ఇంట్లో నేనూ, ఫ్రిజ్జు చప్పుడూ. ఇంట్లో వంట వాసన రాకూడదు, తలనూనె వాసన రాకూడదు. వాసన లేని ఇల్లు ఇల్లేంటి, ఆసుపత్రి గానీ! సాయంత్రం కాలవ గట్టు మీద గంటో రెండు గంటలో తిరిగొస్తేనే నేను మనిషిని. అది కూడా లేకపోతే ఈ దేశంలో ఒక్కరోజు ఉండలేను. అలాంటిది, నువ్వింక కాలవ వైపు అడుగు పెట్టడానికి వీల్లేదమ్మా అన్నాడు మా ఆనందబాబు.

ఎందుకన్నాడో చెప్తాను. వాడు చర్చి సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పిన మాటలే ఇవి. నేను కలిపింది లేదు.

మావాడికి ఈమధ్య సైకిలు పిచ్చి పట్టింది. స్పెయిన్‌లో రెండొందల యేళ్ల నాటి కాలవ ఉందట. నేలంతా బల్లపరుపట, ఎటు చూసినా గోధుమ చేలట. ఆఫీసు స్నేహితులతో ఆ గట్టు మీద ఐదు రోజులు సైకిలు తొక్కుతాడట, సెప్టెంబరులో. నరసాపురంలో కాలవ గట్టు మీద నడవమంటే బురదని ముక్కు మూసుకున్నవాడు, ఇప్పుడు విమానమెక్కి ఇంకోళ్ల కాలవ గట్టు చూడ్డానికి పోతాడట! పొరుగింటి పుల్లకూర రుచని ఊరికే అన్నారా? పైగా దానికో బిగుతు చెడ్డీ, కూర్చునే చోట దూది కుట్టి. థూ... కన్నతల్లిని, నాకే చూడబుద్ధి కాలేదు.

ఆ ప్రయాణానికి ప్రాక్టీసని ఈ కాలవ గట్టు మీద తొక్కుతుంటాడు. ఆ గురువారం ఆఫీసులో ఆలస్యమై ఎనిమిదిన్నరకి బయల్దేరాడు. చీకటి పడుతుంది వద్దని నా కోడలు లూసీ చెప్తూనే ఉంది. లాకు దాకా వెళ్లి వచ్చేస్తానన్నాడు. నడక అయ్యాక నేను ఎదురింటి నాగమణి గారింట్లో సీరియల్ చూసి గానీ రానని వాళ్లకి తెలుసు, కాబట్టి నాకోసం చూసుకోలేదు.

గట్టు మీద పురుగు లేదు. నీళ్ల మీద పచ్చటి పాచి అట్టలు కట్టి ఉంది. దారి పొడుగునా బాతుల రెట్ట. ఇక్కడి బాతులు మేకపిల్లలంత ఉంటాయి, వాటి రెట్ట కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. అది టైరు కింద పిచుక్కుమని నలిగి వీపు మీదకి చిందుతోందట. ఈ ముక్క సాక్ష్యంలో ఎందుకో నాకు తెలీదు గానీ, చెప్పాడు.

లాకు ఇంకో వంద గజాలు ఉందనగా... కంపు.

ఏదో జంతువు చచ్చి పడుందనుకున్నాడట. ఇంకాస్త ముందుకెళ్లాడు. కంపు పెరిగింది. ముక్కులోంచి గొంతులోకి దిగింది... నాలుక మీద కూర్చుంది. కుళ్లిన శవాన్ని నిప్పుల మీద కాలిస్తే ఎలా ఉంటుందో అలా ఉందన్నాడు. అలాంటి నీచు కంపు నా జన్మలో ఎరగనన్నాడు.

నేను మూడో వరసలో కూర్చుని విన్నాను.

అక్కడికి రాగానే సైకిలు ఆగిపోయింది. వాడు ఆపలేదట— అదే ఆగింది. ఎదురుగా రాతి ఇల్లు. కిటికీలకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఇంటి వెనకాల నుంచి పొగ వస్తోంది... ఆ పొగలో, నడుమెత్తున, ఎర్రగా రెండు కళ్లు.

అవి రెప్ప వెయ్యవు. ఓసారి భగ్గుమని ఎర్రబడతాయి... మళ్లీ మసకబడతాయి. ఎవరో ఊపిరి తీసి వదులుతున్నట్టు.

మావాడు సైకిలు లైటు అటు తిప్పాడు. తెల్లగా ఒక ఆకారం. వంగి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. ఏదో నములుతోంది... కరకరా, ఎముకలు నమిలినట్టు నములుతోంది.

మావాడు హెల్మెట్ పట్టీ మీదే కక్కుకున్నాడు. అదీ చెప్పాడు సంఘంలో, ఏమేం కక్కాడో సహా.

ఆకారం తల తిప్పింది. వెలుగు మొహాన పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి పైకెత్తి— “ఉష్ష్... ఉష్ష్” అంది. చీకట్లో ఏవో పెద్ద రెక్కలు టపటపా కొట్టుకుని లేచాయి.

మావాడు యేసయ్యా అని కేకేశాడు.

ఆ కేక వినగానే ఆకారం నిలువునా లేచింది. రెండడుగులు ముందుకేసింది. మెల్లిగా... తెలుగులో అడిగింది.

“ఆనందూ... నువ్వా?”

అంతే, మావాడి పైప్రాణాలు పైనే పోయాయి. సైకిలు అక్కడే పారేసి, మూడు మైళ్లు వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. ఒక బూటు పాచిలో కలిసిపోయింది.

నేను ఇంట్లోకి వచ్చేసరికి వాడు స్నానం చేసి, దుప్పటి కప్పుకుని సోఫాలో వణుకుతున్నాడు. లూసీ పక్కన కూర్చుని ప్రార్థన చేస్తోంది. నేనింకా చెప్పులు విప్పలేదు... వాడు ముక్కెగబీల్చి అలాగే బిగుసుకుపోయాడు.

“వచ్చేసింది,” అన్నాడు గుసగుసగా. “ఇంట్లోకి వచ్చేసింది.”

లూసీ గబగబా లేచి వెనిల్లా కొవ్వొత్తులు నాలుగు వెలిగించింది. నిజం చెప్పొద్దూ, ఆ తీపి కంపుకి నాకు వాంతి వచ్చినంత పనైంది.

ఆదివారం ఇదంతా సాక్ష్యం చెప్పాడు. ప్రతి వాక్యానికీ స్తోత్రం, స్తోత్రం. దెయ్యానికి తెలుగెలా వచ్చని ఎవరో అడిగారు. సాతానుకి రాని భాష లేదన్నారు మా పాస్టరు షాలేం రాజు గారు. మరి పేరెలా తెలిసిందంటే, వాడికి అందరి పేర్లూ తెలుసన్నారు. కంప్యూటర్లు నడిపేవాళ్లు, మందుల కంపెనీల్లో చేసేవాళ్లు అందరూ తలలూపారు. మన తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక్కొక్కళ్ల మొహం చూస్తుంటే నాకు అసహ్యం పుట్టింది. మావాణ్ణి మాత్రం భుజం తట్టి, వచ్చే నెల సంఘ పెద్దగా నిలబెడతామన్నారు.

ఆ రాత్రే నా నడక కట్టు.

శుక్రవారం అందరూ కలిసి లాకు దగ్గరకెళ్లి దెయ్యాన్ని వెళ్లగొట్టాలని తీర్మానం చేశారు. దెయ్యం పోతే నా నడక నాకిస్తాడట. పోకపోతే నేను గడప దాటకూడదు. పోనీ ఆ సాక్ష్యమంతా ఉత్తిదని తేలిందా, వాడు సంఘంలో తలెత్తుకోలేడు. ఐదు రోజులు కిటికీ దగ్గర కూర్చుని ఇటు తిప్పీ అటు తిప్పీ ఇదే ఆలోచించాను. ముద్ద దిగలేదు. వాడేమో నా పక్కన కూర్చుని, తల్లి ప్రార్థనకి బలం ఎక్కువ, నువ్వు కూడా రావాలమ్మా అన్నాడు.

వెళ్లాను.

పద్నాలుగు మందిమి. కార్లు రోడ్డు మీద పెట్టి, ఫోన్ లైట్లు వేసుకుని, రెట్ట తొక్కకుండా గెంతుకుంటూ నడిచాం. లాకు ఇంటి ముందు అర్ధచంద్రంలా నిలబడ్డాం. దెయ్యం వాణ్ణి పేరు పెట్టి పిలిచింది కాబట్టి ఆనందబాబే ముందుండాలన్నారు పాస్టరు గారు. ఎక్కడి నుంచి వచ్చావు, ఏం కావాలి, ఎప్పుడు పోతావు— మూడే ప్రశ్నలు అడగాలి. మూడో దానికి జవాబు చెప్పిందంటే ఇంక దెయ్యం నిలవదు. ఏం వచ్చినా, ఏం వినబడినా, ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు.

లైట్లు ఆర్పేశారు. అందరూ కళ్లు మూసుకున్నారు.

నేను మూసుకోలేదు.

చప్పుడు కాకుండా ఇంటి వెనక్కి నడిచాను. పిక్నిక్‌లకి వచ్చేవాళ్ల కోసం అక్కడ ఇనప కుంపటి ఒకటి పాతి ఉంటుంది. దాని వెనక గోడలో వదులు రాయి. రాయి జరిపి, బిస్కెట్ల డబ్బా బయటికి లాగి మూత తీశాను.

ఎండు నెత్తళ్లు... వేలెడంత ఎండు చేపలు. చీరల మడతల్లో దాచి తెచ్చుకున్నాను. మొదటి వారమే లూసీ పారేయమంది, బిల్డింగు వాళ్లు ఊరుకోరని. పారేశానన్నాను. సాయంత్రాలు ఈ కుంపట్లో రెండు బొగ్గులేసి కాల్చుకున్నాను. ఇరవై రెండేళ్లు ఈ సరుకే గంపలో పెట్టుకుని నరసాపురం సందుసందుకీ తిరిగి అమ్మాను. ఆ గంప పక్కన కూర్చునే వాడు ఎక్కాలు నేర్చుకున్నాడు. నలుగురిలో నిలబడి వాడు శవం కంపంటుంటే, నా కొడుకు మీద నాకు మొదటిసారి రోత పుట్టింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

డబ్బా పట్టుకుని వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డాను.

వాడి ముక్కుపుటాలు అదిరాయి. వచ్చింది, వచ్చింది అని అరిచాడు. వెనక పన్నెండు గొంతులూ ఒక్కసారి లేచాయి. వాడు కళ్లు బిగించి, ముక్కు మూసుకుని, ఊగిపోతూ అడిగాడు.

“ఎక్కడి... ఎక్కడి నుంచి వచ్చావు?”

“నరసాపురం నుంచి,” అన్నాను.

ప్రార్థన ఠక్కున ఆగిపోయింది. కళ్లు మాత్రం ఒక్కళ్లూ తెరవలేదు. కాలవలో నీళ్లు లాకు తలుపు సందులోంచి కారుతున్న చప్పుడు వినబడుతోంది.

“నీకేం కావాలి?”

“మీ పొయ్యి మీద ఒక్క పూట, నాకు నచ్చింది వేపుకోవాలి.”

వాడి ముక్కు మీద నుంచి చెయ్యి మెల్లగా కిందకి జారింది. నేనెవరో వాడికి తెలిసిపోయిందని నాకు తెలిసింది. అయినా వెనక అంతమంది ఉన్నారు... మూడో ప్రశ్న అడక్కుండా ఉండలేకపోయాడు.

“ఎప్పుడు పోతావు?”

“జూలై ఇరవయ్యెనిమిదికి,” అన్నాను. “టికెట్టు వేసింది నువ్వే కదరా.”