బ్రైడీగారి బల్ల

పొద్దున్నే స్నానం చేసి, ముందుగదిలోని పొడవాటి చెక్కబల్ల మీద బైబిలు పెట్టుకుని ప్రార్థించడం, ఐర్లండులోని స్లైగోకి కొడుకింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఎస్తేరమ్మకు అలవాటైంది. బల్ల పాత చర్చిలోదని కొడుకు రాబర్ట్ చెప్పాడు. ఆవిడ వీడియో కాల్‌లో తెనాలి సంఘమంతటికీ చూపించింది. పాస్టరమ్మగారు బల్లకు వందనాలు కూడా చెప్పారు.

ఆ మాట వచ్చినప్పుడల్లా కోడలు సంతోషకుమారి గిన్నెలు తోముకునేది. అప్పటికే తోమినవైనా సరే.

ఆ ఉదయం పక్కింటి ముసలాయన పాట్ కోడిగుడ్లివ్వడానికి వచ్చి బల్లను ఆప్యాయంగా నిమిరాడు. "గ్రాండ్! నా మొదటి బీరు దీనిమీదే తాగాను" అని చెప్పి వెళ్లిపోయాడు. ఎస్తేరమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ, బీరు ఏ భాషలోనైనా బీరే.

"సంతోషమ్మా, ఇది అసలు ఏం ఇల్లే?"

"పబ్బు, అత్తయ్యా. మూతపడ్డాక మేం కొన్నాం."

"సారాకొట్టులో నాచేత ప్రార్థన చేయించారా! ఒరే రాబర్టూ!"

రాబర్ట్ అప్పటికే బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు.

"ఈ బల్లను ముక్కలు చేయించండి. లేదా నాకు టిక్కెట్టు తీయండి. అప్పటిదాకా ఈ ఇంట్లో మంచినీళ్లు ముట్టను!"

సంతోషకుమారి కొళాయి కట్టేసింది.

"అబద్ధం చెప్పడం మా తప్పే. కానీ బల్ల మీద చెయ్యి పడనివ్వను."

"ఏమిటే దాని గొప్ప?"

"ఈ పబ్బు మాకమ్మిన పెద్దావిడ బ్రైడీగారు. దీన్ని చేయించింది ఆవిడ మామగారు. అప్పట్లో ముందువైపు ఉప్పూ పప్పూ, వెనకవైపు బీరూ అమ్మేవారట. తర్వాత ఆవిడ భర్త. ఆయన పోయాక ఆవిడ ఒక్కతే నడిపింది. మేమొచ్చిన కొత్తలో తెలుగు ఆరాధనకి హాలు దొరకలేదు. 'ఆదివారం పొద్దున పబ్బు తెరవను, వచ్చి పాడుకోండి' అని తాళం ఇచ్చేసింది. మనకి ఇబ్బందని సీసాల మీద దుప్పట్లు కప్పి ఉంచేది. మీ మనవరాలు అబిగేయిల్‌ని దేవునికి ప్రతిష్ఠ చేసింది ఈ బల్ల దగ్గరే. మీ అబ్బాయికి నిమోనియా వస్తే, నేనేమో ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు. దగ్గర కూర్చుని సూపు తాగించింది ఆవిడే. వద్దన్నా వినేది కాదట. అచ్చం మీలాగే."

ఎస్తేరమ్మ కుర్చీలో కూలబడింది.

"వాడికి జబ్బని తెలిసి ఉపవాసం ఉన్నాను. నేను దగ్గర లేను ప్రభువా, ఎవరినైనా పంపమని ఏడ్చాను."

"పంపాడుగా, అత్తయ్యా."

"పబ్బులోంచి పంపుతాడని ఎవరనుకుంటారే!" నవ్వబోయింది గానీ కళ్లనీళ్లే ముందొచ్చాయి. "ఇప్పుడెక్కడుంది ఆవిడ?"

"పక్క ఊళ్లోనే, కూతురి దగ్గర."

"ఆదివారం భోజనానికి పిలువు. ఇన్నేళ్లూ బల్లకి అటువైపు నిలబడి అందరికీ అందించింది. ఇటువైపు కూర్చోమను. అటు నేను నిలబడతాను."

గొడవ సద్దుమణిగిందని తెలిసి రాబర్ట్ తల బయటపెట్టాడు.

"అమ్మా, మరి తెనాలిలో ఏం చెబుతావు?"

"చర్చి బల్లనే చెబుతాను. అబద్ధమేముంది అందులో?"

ఎస్తేరమ్మ చీరచెంగుతో బల్ల తుడిచి, బైబిలు మళ్లీ దానిమీదే పెట్టింది.